ఐదు తీగల బాస్‌కు ఏ ఫినిష్? నల్లగొండ, పాలమూరు ఎండల్లో వాయించేవారికి ఎంపిక సలహా

ఐదు తీగల బాస్ గిటార్ కొనాలన్న నిర్ణయం అయిపోయింది, మోడల్ కూడా ఖరారైంది, ఇక ఫినిష్ ఒక్కటే తేలడం లేదు. అదే మోడల్ నిగనిగలాడే నలుపులో ఉంది, కలప గీతలు కనిపించే మ్యాట్ గోధుమ రంగులో ఉంది, సన్‌బర్స్ట్‌లోనూ (నడుమ లేతగా, అంచులకు ముదురుగా ఉండే రంగు) ఉంది. ధరలో తేడా పెద్దగా లేదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, చివరకు ఫోనులో ఏ బొమ్మ బాగుంటే దానికే డబ్బు కట్టేస్తారు. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లినా మనకు కావలసిన ఐదు తీగల మోడల్ అన్ని రంగుల్లోనూ దుకాణంలో వరుసగా పెట్టి ఉండదు. చేత్తో పట్టుకుని చూడకుండానే ఎంచుకోవాల్సి వస్తుంది కాబట్టి, దేన్ని బట్టి ఎంచుకోవాలో ముందే తెలిసి ఉండాలి.

నా మాట ముందే చెప్పేస్తాను. రంగు ఆఖరున చూడాల్సినది. మొదట నెక్ (తీగలను నొక్కే చెయ్యి పట్టుకునే పొడవాటి భాగం) వెనుక పూత, తర్వాత బాడీ మీద పూత ఏ పదార్థమో, ఆ తర్వాత మెరుపు కావాలా వద్దా. ఈ మూడూ తేలాక మిగిలిన రంగుల్లో మనసు ఎటు లాగితే అది. ఈ వరుస తప్పితే ఫలితం మొదటి వేసవిలోనే అరచేతికి తెలుస్తుంది.

## ఫినిష్ అన్న ఒక్క మాటలో మూడు సంగతులు

పూత పదార్థం, దాని మెరుపు, రంగు. ఈ మూడింటినీ కలిపి ఫినిష్ అంటున్నాం. "సాటిన్ బ్లాక్" అని రాశారంటే మెరుపు, రంగు చెప్పారు, పదార్థం చెప్పలేదు. సాటిన్ అంటే మెరుపు తక్కువగా ఉండే పూత. "ఓపెన్ పోర్" అన్నారంటే కలప రంధ్రాలను లప్పంతో పూడ్చకుండా పైన పలచటి పూత వేశారని అర్థం. వేలితో తడిమితే గీతలు తగులుతాయి. పదార్థం పేరు సాధారణంగా వివరాల పట్టికలో చివర ఎక్కడో ఉంటుంది. లేకపోతే అమ్మేవారిని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇల్లు కట్టించినవారికి ఈ పదార్థాలు కొత్తవి కావు. టేకు తలుపులకు మెలమైన్ కొట్టాలా, పీయూ కొట్టాలా అని పాలిష్ మేస్త్రి అడిగే ఉంటాడు. ఆ పీయూ అంటే పాలీయురేథేన్, గిటార్ల మీదా అదే కుటుంబం. కార్లకూ బీరువాలకూ వెనకటి నుంచి కొడుతున్న డ్యూకో రంగుకు మూలం నైట్రోసెల్యులోజ్ పూత. 1920లలో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం ఆ పేరుతో తెచ్చిన రంగు అది. తర్వాతి కాలంలో ఫెండర్ కంపెనీ తన గిటార్లకు వాడిన ప్రత్యేక రంగులు చాలావరకు ఆ కార్ల రంగుల పట్టిక నుంచి తీసుకున్నవే.

## వేటిని కొలమానంగా పెట్టుకోవాలి

ఇతర దేశాల వాళ్లు రాసే సలహాల్లో చలి, పొడి గాలి, హీటర్ల గురించి ఎక్కువగా ఉంటుంది. మనకు కావలసిన లెక్క వేరు. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ప్రాంతం ఇది. పెళ్లి ఆర్కెస్ట్రాలు షామియానా కింద వాయిస్తాయి. చర్చిల్లో ఆరాధన గంటల తరబడి సాగుతుంది, వేదిక మీద లైట్ల వేడి అదనం. కాబట్టి చెమటకు చెయ్యి అతుక్కుంటుందా లేదా అన్నది మొదటి కొలమానం. ఎండకూ వేడికీ పూత మెత్తబడుతుందా, పగులుతుందా అన్నది రెండోది.

మూడోది ప్రయాణం. దేవరకొండలోనో కల్వకుర్తిలోనో కార్యక్రమం అంటే బాస్ ఆర్టీసీ బస్సులో, ఆటోలో, బైకు మీద భుజానికి వేలాడుతూ వెళ్తుంది. ఐదు ట్యూనర్ల (తీగలను బిగించే మరల) వల్ల హెడ్‌స్టాక్, అంటే నెక్ చివరి తల, పొడుగ్గా, బరువుగా ఉంటుంది. గోడకు ఆనించిన బాస్ జారితే ముందు దెబ్బ తినేది అదే. నాలుగోది మరమ్మతు. దెబ్బ తగిలితే మన ఊళ్లో బాగు చేయగలిగే పనివాడు ఉన్నాడా? చివరిగా, నెలకోసారైనా దాని ఆలనాపాలనా చూసే ఓపిక మనకు ఉందా?

ఈ జాబితాలో ధ్వనిని కావాలనే చేర్చలేదు. బోలు లేని చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ బాస్‌లో శబ్దాన్ని పట్టేది తీగల కింద ఉన్న అయస్కాంత పికప్. పూత పలచనైనంత మాత్రాన బి తీగ (ఐదింటిలో అన్నిటికంటే మందపాటిది) ఎక్కువ మోగదు. ఆ తీగను ఖాళీగా మీటితే వచ్చే స్వరం సుమారు 31 హెర్ట్జ్. ఫంక్షన్ హాళ్లలోని చాలా స్పీకర్లు దాన్ని సరిగ్గా పలికించలేవు. ధ్వని కోసం ఖరీదైన పూతకు పెట్టే డబ్బును కొత్త తీగలకూ, బి తీగ ఎత్తు, స్వరశుద్ధి సరిచూసే సెటప్‌కూ పెట్టండి. మందం 45 నుంచి 130 వరకు (అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన) ఉండే మంచి తీగల సెట్టు తెచ్చే తేడా వెంటనే చెవికి తెలుస్తుంది.

## ముందు నెక్ వెనుక వైపు

ఫెండర్ వారి నాలుగు తీగల జాజ్ బాస్‌కు నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే పట్టీ) దగ్గర నెక్ వెడల్పు 38 మి.మీ. ఐదు తీగల బాసులకు అది సుమారు 45 నుంచి 48 మి.మీ. వరకు ఉంటుంది. వెడల్పు పెరిగితే వెనుక చేతికి తగిలే భాగమూ పెరుగుతుంది. మందపాటి బి తీగను నొక్కడానికి మణికట్టు ముందుకు వచ్చి, బొటనవేలు నెక్ వెనుక కిందికి జరగాలి. సన్నటి జి తీగకు వచ్చేసరికి మళ్లీ పైకి జారాలి. నాలుగు తీగల మీద బొటనవేలును ఒకేచోట ఆనించి చాలా పాటలు నడిపించవచ్చు. ఐదు తీగల మీద అలా కుదరదు, అది పాట పొడవునా కదులుతూనే ఉంటుంది. అందుకే ఐదు తీగల బాస్ కొనేవారికి నెక్ వెనుక పూత బాడీ మీది పూత కంటే ముఖ్యం అంటున్నాను.

మెరిసే పూత ఉన్న నెక్ ఏసీ గదిలో, పొడి చేతులతో చాలా హాయిగా ఉంటుంది. తుడవడం తేలిక, మురికి లోపలికి పోదు. చెమట పట్టిన చేతికి మాత్రం అది బంకలా తగులుతుంది. మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దగ్గర నుంచి పన్నెండో ఫ్రెట్‌కు చెయ్యి జారాల్సిన చోట వేలు పట్టేసుకుంటుంది, స్వరం ఆలస్యమవుతుంది. పేదవాడి బాస్ అయినా ధనికుడి బాస్ అయినా ఈ ఇబ్బంది ఒకటే.

సాటిన్ పాలీయురేథేన్ ఇక్కడ నాకు అన్నింటికంటే నచ్చిన ఎంపిక. గట్టి పూత కావడంతో చెమట కలపలోకి దిగదు. పైభాగం సన్నటి గరుకుగా ఉండడంతో చర్మం అతుక్కోదు. ఫెండర్ ప్లేయర్ శ్రేణిలో బాడీకి మెరిసే పాలియెస్టర్, నెక్ వెనుక సాటిన్ యురేథేన్ వేసిన జోడీ కనిపిస్తుంది. మన వాతావరణానికి ఈ జోడీ బాగా నప్పుతుంది. కొన్నేళ్లు వాయించాక బొటనవేలు తిరిగే చోట సాటిన్ అరిగి మెరుపు తేలుతుంది. అది లోపం కాదు, పైన ఉన్న సన్నటి గరుకు నున్నబడిందంతే.

నూనె, మైనం రాసిన నెక్‌ను ఒక్కసారి పట్టుకుంటే వదలబుద్ధి కాదు. చేతికి కలపే తగులుతుంది. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ చాలా మోడళ్లకు తుపాకీ కలప పిడికి వాడే రకం నూనె, మైనం రాసి పంపుతుంది. చెమట పట్టినా ఇది అతుక్కోదు. అయితే మేపుల్ కలప తెల్లగా ఉంటుంది కాబట్టి చెమట, మురికి లోపలికి దిగి బూడిద రంగు మచ్చలు తేలతాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు శుభ్రం చేసి మళ్లీ నూనె పట్టించాలి. తేమను ఇది పాలీయురేథేన్ అంతగా అడ్డుకోదు. ఎండాకాలంలో మన ఇళ్లలో పగలంతా ఎయిర్ కూలర్ తిరుగుతుంది, దాని గాలి తడిగా ఉంటుంది. బయటేమో గాలి ఎండిపోయి ఉంటుంది. కూలర్ ఎదురుగా స్టాండు మీద పెట్టిన నూనె పూత నెక్ ఈ రెండింటి మధ్యా వంగుతూ సర్దుకుంటూ ఉంటుంది, ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే కడ్డీ) తిప్పాల్సిన అవసరం తరచుగా వస్తుంది. ఏ పూత ఉన్నా బాస్‌ను కూలర్ గాలికి దూరంగా పెట్టండి. నూనె పూతైతే ఇది తప్పనిసరి.

ఇప్పటికే మెరిసే నెక్ ఉన్న బాస్ కొనేశారా? దిగులు పడొద్దు. నెక్ వెనుక వైపు మాత్రమే 1500 లేదా 2000 నంబరు వాటర్ పేపర్‌తో, పొడవు దిశలో తేలికగా రుద్దితే మెరుపు పోయి సాటిన్ అవుతుంది. కార్లకు రంగు వేసే షెడ్డుల్లో వాడే కాగితమే అది. పూత మందంగా ఉంటుంది కాబట్టి కలప బయటపడదు, కావాలనుకుంటే తర్వాత మళ్లీ పాలిష్ పట్టి మెరుపు తెప్పించుకోవచ్చు. నైట్రో (నైట్రోసెల్యులోజ్) పూత పలచన కాబట్టి దాని మీద ఈ పని ఇంకా తేలిక చేత్తో చేయాలి. ఉక్కు పీచు వాడేవారు పికప్‌లను టేపుతో పూర్తిగా కప్పాలి. రాలిన ఇనుప నూలు అయస్కాంతాలకు పట్టుకుంటే తీయడం చాలా కష్టం.

ఫ్రెట్‌బోర్డు సంగతి క్లుప్తంగా: మేపుల్ అయితే పైన పూత ఉంటుంది, తుడిస్తే చాలు. రోజ్‌వుడ్, పావ్ ఫెర్రో, లారెల్ వంటివాటికి పూత ఉండదు, ఎండాకాలానికి ముందు ఫ్రెట్‌బోర్డు నూనె పలచగా పట్టించాలి. మే నెలలో నెక్ అంచు పక్కన వేలు పోనిస్తే ఫ్రెట్ల కొనలు గుచ్చుకుంటున్నాయంటే కలప ఎండి కుంచించుకుపోయిందని అర్థం. పూత లేని బోర్డుల్లో ఇది ఎక్కువ.

## బాడీ మీద ఏ పూత

పాలియెస్టర్. అందుబాటు ధరల్లో దొరికే ఐదు తీగల బాసుల్లో ఎక్కువగా కనిపించే మెరిసే పూత ఇదే. ఫెండర్ 1968 ప్రాంతంలో నైట్రో నుంచి దీనివైపు మళ్లింది. గట్టిపడిన తర్వాత ఏ థిన్నర్‌కూ కరగదు, చెమటకు చలించదు, ఎండకు మెత్తబడదు. పెళ్లి మండపంలో పన్నీరు చల్లినా, దోమల క్రీము రాసుకున్న చెయ్యి తగిలినా తుడిచేస్తే పోతుంది. గట్టి దెబ్బ తగిలితే మాత్రం గాజు పెంకులా ఒక ముక్క ఊడివస్తుంది. అలా ఊడిన చోట తేటగా ఆరే సూపర్ గ్లూను పొరలు పొరలుగా నింపి, ఆరాక వాటర్ పేపర్‌తో సమం చేసి పాలిష్ పట్టవచ్చు. ఓపిక ఉన్నవారు ఇంట్లోనే చేసుకోగలిగిన పని. నెక్ బాడీలో దిగే చోట సన్నటి వెంట్రుక వంటి పగులు కనిపిస్తే చాలావరకు అది పూత వరకే ఉంటుంది, బలానికి ఢోకా ఉండదు.

పాలీయురేథేన్. పాలియెస్టర్ కంటే పలచగా వేయవచ్చు, కాస్త సాగే గుణం ఉంది కాబట్టి ముక్కలుగా ఊడడం తక్కువ. సాటిన్, ఓపెన్ పోర్ బాడీల మీద సాధారణంగా ఉండేది ఇదే. ఇబానెజ్ ఎస్ఆర్, కోర్ట్ శ్రేణుల్లో కలప గీతలు కనిపించే మ్యాట్ బాసులు మన బడ్జెట్‌లో దొరుకుతాయి. అయితే ఓపెన్ పోర్ పూత చాలా పలచన. మంచం అంచుకు తగిలితే కలపే సొట్ట పడుతుంది. ఆ సొట్ట ఊడిన పెంకులా కళ్లకు కొట్టదు, గోధుమ రంగు కలపలో కలిసిపోతుంది. ప్రయాణాలు ఎక్కువ చేసేవారికి ఇది నిజమైన లాభం.

నైట్రో. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోజు దీని మీదే ఎక్కువ. పలచన, కంటికి ఇంపు, వయసుతో పసుపు రంగుకు తిరుగుతుంది, సన్నటి పగుళ్ల వల తేలుతుంది. గిబ్సన్ ఇప్పటికీ దీన్నే వాడుతుంది. మరమ్మతులో దీనికి సాటి లేదు: కొత్త పొర పాత పొరను కరిగించి దానిలో కలిసిపోతుంది, అతుకు కనిపించదు.

అదే గుణం మన దగ్గర శత్రువు అవుతుంది. కరిగే పూత కాబట్టి డీట్ ఉన్న దోమల క్రీము, శానిటైజర్, స్ప్రే సెంటు తగిలితే మెత్తబడి వేలిముద్రలు పడతాయి. స్టాండు మీది రబ్బరు, కొన్ని రకాల వినైల్ బెల్టులు రోజుల తరబడి ఆనుకుంటే పూతతో కలిసి మచ్చ చేస్తాయి. స్టాండు చేతులకు నూలు గుడ్డ చుట్టాల్సిందే. చల్లటి ఏసీ కారులోంచి తీసి 43 డిగ్రీల ఎండలో పెట్టెను తెరిస్తే, ఆ హఠాత్తు మార్పుకు కలప, పూత ఒకే తీరున వ్యాకోచించక పగుళ్లు వస్తాయి. చెమటకు నెక్ జిగురుగా మారడమూ దీనికి ఉన్నదే.

మరో మాట. నైట్రో పాత బాసుల సంప్రదాయం అన్న కారణంతో దాన్ని కోరుకునేవారు ఉన్నారు. నాలుగు తీగలకు అది నిజమే. ఐదు తీగలకు మాత్రం ఆ వాదన నిలవదు. 1965లో ఫెండర్ తెచ్చిన బాస్ ఫైవ్‌లో ఐదో తీగ పైస్థాయి సి, కింది బి కాదు. కింది బి తీగతో ఐదు తీగల బాసులు వచ్చింది 1970ల మధ్యలో. అప్పటికే పెద్ద కర్మాగారాలు పాలియెస్టర్ వైపు వెళ్లిపోయాయి. ఈ వాయిద్యం పుట్టిందే కొత్త పూతల కాలంలో. నైట్రో లేకపోతే అసలైనది కాదేమో అన్న బెంగ అక్కర్లేదు.

నూనె, మైనం. జర్మనీలోని వార్విక్ బాసులకు ఈ ఫినిష్ పెద్ద గుర్తింపు తెచ్చింది. గీత పడితే సన్నటి కాగితంతో రుద్ది మళ్లీ నూనె రాస్తే సరి, పనివాడు అక్కర్లేదు. రక్షణ మాత్రం అన్నింటికంటే తక్కువ. చెమటతో తడిసిన ముంజేయి ఆనే చోట రంగు ముదురుతుంది. దసరాకు ఆయుధపూజ చేసి వాయిద్యాలకు పసుపు, కుంకుమ, గంధం పెట్టే ఇళ్లవారు ఒకటి గుర్తుంచుకోండి: నూనె పూతలోకీ ఓపెన్ పోర్ రంధ్రాల్లోకీ దిగిన పసుపు తేలికగా వదలదు. ఆ బొట్లను బాస్ ఉంచే పెట్టె మీదో, లోహపు బ్రిడ్జ్ (బాడీ మీద తీగల కొసలు బిగించే భాగం) మీదో పెట్టండి. పాలియెస్టర్ అయితే ఈ బెంగ లేదు, కార్యక్రమం అయ్యాక మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. ఇంకో జాగ్రత్త ప్రాణాలకు సంబంధించింది. అవిసె నూనె వంటి ఆరిపోయే నూనెలు తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి మూల పడేస్తే వాటికవే వేడెక్కి మండగలవు. నీళ్లలో తడిపి, బయట విడదీసి ఆరేయండి. మన ఎండల్లో ఇది మరీ ముఖ్యం.

| కొలమానం | పాలియెస్టర్ (మెరుపు) | పాలీయురేథేన్ (సాటిన్, ఓపెన్ పోర్) | నైట్రో | నూనె, మైనం |
|---|---|---|---|---|
| చెమటకు చెయ్యి అతుక్కోవడం | ఎక్కువ | తక్కువ | ఎక్కువ | చాలా తక్కువ |
| వేడి, రసాయనాలకు ఓర్పు | చాలా బాగుంది | బాగుంది | బలహీనం | మధ్యస్థం |
| దెబ్బ తగిలితే | పెంకు ఊడుతుంది | సొట్ట పడుతుంది | పగులుతుంది, అరుగుతుంది | సొట్ట పడుతుంది |
| మరమ్మతు | సూపర్ గ్లూతో పూడ్చడం | మెరుపు తేడా లేకుండా అతకడం కష్టం | తెలిసినవాడి చేతిలో తేలిక | ఇంట్లోనే |
| ఆలనాపాలనా | తుడిస్తే చాలు | తుడిస్తే చాలు, పాలిష్ వద్దు | నిత్యం కనిపెట్టుకోవాలి | ఏడాదికి ఒకటి రెండుసార్లు నూనె |

## మెరుపా, మ్యాటా

మెరిసే నల్లటి బాడీ వేదిక మీద దర్జాగా ఉంటుంది. మిర్యాలగూడలో రైస్ మిల్లుల వైపు ఇల్లున్నవారు, రోడ్డు పక్క ఇంట్లో ఉండేవారు మాత్రం ఒక్కపూటలో దాని మీద చేరే దుమ్మును చూస్తారు. ఆ దుమ్మును పొడిగుడ్డతో రుద్దితే సన్నటి వలయాల గీతలు పడతాయి. ముందు బ్రష్‌తో దులిపి, తర్వాత మైక్రోఫైబర్ గుడ్డతో తేలికగా తుడవాలి. తడిగుడ్డ వాడేవారు బోరు నీటిని వాడకండి. మన జిల్లాల బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, ఆరిన చోట తెల్లటి చారలు మిగులుతాయి, నలుపు మీద అవి మరీ స్పష్టంగా కనిపిస్తాయి. తాగడానికి తెచ్చుకునే ఫిల్టర్ నీళ్లు రెండు చుక్కలు చాలు.

మ్యాట్ మీద దుమ్ము, వేలిముద్రలు అంతగా తెలియవు. ఆరాధన కార్యక్రమాలను ప్రత్యక్ష ప్రసారం చేసే చర్చిల్లో మరో ప్రయోజనం ఉంది: ఎల్ఈడీ లైట్లు బాడీ మీద ప్రతిఫలించి కెమెరాలో మెరుపు మచ్చలు పడవు. కానీ మ్యాట్‌కు పాలిష్ పట్టకూడదు, మైనం రాయకూడదు, అవి పట్టిన చోట మచ్చలుగా మెరుపు తేలుతుంది. ముంజేయి ఆనే అంచు కొన్నేళ్లకు ఎలాగూ మెరుస్తుంది. బాడీకి ఒకేలా మెరుపు ఉండాలని పట్టుబట్టేవారికి అది నచ్చదు.

రంగుల విషయంలో నా అనుభవం చెప్పే వరుస ఇది. దెబ్బలను బాగా దాచేది సహజ కలప రంగు, ఎందుకంటే ఊడినా కింద ఉన్నది అదే రంగు కలప. తర్వాత సన్‌బర్స్ట్: ఎక్కువగా దెబ్బలు తినే అంచులు ముదురు రంగులో ఉంటాయి, చిన్న మచ్చను నల్ల మార్కరుతో కప్పేయవచ్చు. తెలుపు అందమే కానీ చెమట పట్టే అంచున పసుపుబారుతుంది. లోహపు మెరుపు ఉన్న నీలాలు, ఎరుపులకు ఊడిన చోట సరిపోలే రంగు కలపడం ఎవరికీ అంత తేలిక కాదు. చదునైన ఏకరంగుకు మాత్రం కారు పెయింటు దుకాణంలో దగ్గరి రంగు కలిపి ఇస్తారు. పారదర్శకమైన ఎరుపు పూత కొనేవారు కిటికీ ఎండ పడే గోడకు దాన్ని వేలాడదీయకండి. 1950ల చివరి గిబ్సన్ సన్‌బర్స్ట్ గిటార్లలో ఎరుపు వెలిసిపోయిన తీరు అందరికీ తెలిసిందే.

## ఎవరికి ఏది

చర్చి బాస్ అయితే, అంటే ఒకే వాయిద్యాన్ని ముగ్గురు నలుగురు వాయిస్తూ, వారమంతా అది హాల్లోనే ఉంటే, పాలియెస్టర్ బాడీ, సాటిన్ నెక్. ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. అందరి చెమటా ఒకటి కాదు, అందరి జాగ్రత్తా ఒకటి కాదు. ఎవరు వాడినా తట్టుకునేది కావాలి. రంగు సన్‌బర్స్ట్ తీసుకోండి.

పెళ్లి ఆర్కెస్ట్రాలతో ఊళ్లు తిరిగేవారు నాకు అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే వాయిద్యం మీదే వారి జీవనం. వారికి సాటిన్ లేదా ఓపెన్ పోర్ పాలీయురేథేన్, సహజ కలప రంగు లేదా గోధుమ రంగు. నెక్ సాటిన్ అయితీరాలి. మెరిసే నలుపు చూడ్డానికి బాగున్నా, ఒక పెళ్లిళ్ల సీజన్ గడిచేసరికి గీతలతో నిండిపోయి అమ్మే ధర తగ్గిస్తుంది. అదనపు ఖర్చు ఏదైనా పెట్టగలిగితే ఫినిష్ మీద కాకుండా మందపాటి మెత్త ఉన్న సంచి మీద పెట్టండి. హెడ్‌స్టాక్ వైపు ఆ సంచిలో అదనపు మెత్త ఉందో లేదో చూడండి. ఏ పూత ఉన్నా, ఎండలో ఆపిన కారు డిక్కీలో బాస్‌ను వదలకండి. మూసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు పూత కంటే ముందు కలప జిగురు, నెక్ దెబ్బ తింటాయి.

నేర్చుకుంటున్న విద్యార్థులు రెండు మూడేళ్లలో మార్చే అవకాశం ఉంది. మళ్లీ అమ్మేటప్పుడు నలుపు, సన్‌బర్స్ట్, సహజ కలప రంగు త్వరగా పోతాయి. ఆకుపచ్చ, ఊదా వంటివాటికి కొనేవాడు దొరకడానికి సమయం పడుతుంది. ఆ రంగే మిమ్మల్ని రోజూ బాస్ చేతిలోకి తీసుకునేలా చేస్తుందంటే మాత్రం మొహమాటం లేకుండా అదే తీసుకోండి. ఐదు తీగల మీద చేతులు కుదురుకోవడానికి రోజూ సాధన కావాలి, వాయిద్యం మీద ఇష్టం అందుకు సాయపడుతుంది.

ఇంట్లోనే రికార్డింగ్ చేసుకునేవారికి, ఏసీ గది ఉన్నవారికి నూనె ఫినిష్ ధైర్యంగా సిఫారసు చేస్తాను. నైట్రో అయినా వారి చేతిలో సుఖంగా ఉంటుంది. చేతి చెమట వల్ల తీగలు వారం తిరక్కుండానే తుప్పు పట్టేవారు మాత్రం ఈ రెంటికీ దూరంగా ఉండాలి.

## మళ్లీ రంగు వేయించాలనుకుంటే

పాత బాస్‌కు కొత్త రంగు కావాలంటే కారు పెయింటింగ్ షెడ్డువారు వాడే రెండు భాగాల పాలీయురేథేన్ క్లియర్ (రంగులేని పై పూత) పనికివస్తుంది. ఫర్నిచర్ మేస్త్రి వేసే మెలమైన్ కంటే ఇది మేలు. పని ఇచ్చే ముందు నెక్, పికప్‌లు, బ్రిడ్జ్ అన్నీ విప్పి బాడీ ఒక్కటే ఇవ్వండి. నెక్ దిగే గుంట లోపల రంగు పడకుండా టేపు వేయించండి. అక్కడ పూత మందం చేరితే నెక్ తిరిగి సరిగ్గా కూర్చోదు, బి తీగ ఎత్తు చెడుతుంది. కార్లను ఆరబెట్టే వేడి గదిలో పెట్టవద్దని గట్టిగా చెప్పండి. ఇనుప రేకుకు పనికొచ్చే ఆ వేడి జిగురుతో అతికిన కలపకు పనికిరాదు. నీడలో, గాలి ఆడే చోట మెల్లగా ఆరితే చాలు.

## పెట్టె వచ్చిన రోజు

ఆన్‌లైన్‌లో తెప్పించిన బాస్ ఎండాకాలంలో లారీ వేడిలో కాగి వస్తుంది. అట్టపెట్టెను తెరవకుండా గదిలో కొన్ని గంటలు ఉంచి, చల్లబడ్డాక తెరవండి. కిటికీ వెలుతురు దగ్గర వంపుగా పట్టుకుని చూస్తే పూతలో అలలు, చుక్కలు తెలుస్తాయి. ట్యూబులైటు కింద తెలియవు. హెడ్‌స్టాక్ అంచులు, బెల్టు బటన్ల చుట్టూ, నెక్ దిగే గుంట మూలలు ఒకసారి చూడండి. తర్వాత అరచేతిని కాస్త తడిచేసుకుని నెక్ వెనుక పై నుంచి కిందికి ఒకసారి పోనివ్వండి. చెయ్యి ఆగకుండా జారితే ఉంచుకోండి. పట్టేసుకుంటే, వెనక్కి పంపే గడువు ఉండగానే సాటిన్ నెక్ ఉన్న మోడల్‌కు మార్చుకోండి. వాటర్ పేపర్ పని పెట్టుకునేది ఆ బాస్ ఉంచుకోవాలని తేల్చుకున్నాకే, ఎందుకంటే ఒకసారి రుద్దిన వాయిద్యాన్ని వెనక్కి తీసుకోరు.